వార్త తెచ్చినవాళ్ళకే అక్రోటు

రాజధాని బిష్కెక్‌లో శిక్షణకి వెళ్ళి తిరిగొచ్చిన బురుల్ ఎజె సంచీలో బట్టలకంటే బంగారు చుక్కల స్టిక్కర్లే ఎక్కువున్నాయి. ఎజె అంటే అక్క. మా వైపు బడిలో పాఠం చెప్పే ఆడవాళ్ళందర్నీ అలాగే పిలుస్తాం, జుట్టు నెరిసినా సరే. ఈవిడకి ముప్పై కూడా నిండలేదు. రెండో తరగతికి కిర్గిజ్ భాష చెబుతుంది. ఓపిక తక్కువ, ప్రేమ ఎక్కువ. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎలా ఉంటుందో ఆ పిల్లల్ని అడగండి, చెబుతారు.

మర్నాడే గోడకి పెద్ద అట్ట తగిలించి పిల్లల పేర్లన్నీ వరసగా రాసింది. కొత్త మాట వాడి పూర్తి వాక్యం చెబితే ఓ చుక్క, వరస నిండితే చాక్లెట్. శిక్షణ ఇచ్చినాయన పిల్లల్ని మెచ్చుకోండి, గట్టిగా మెచ్చుకోండి, అందరి ముందూ మెచ్చుకోండి అని బల్ల గుద్ది మరీ చెప్పాడట. అసలు మెచ్చుకోడం మా వాళ్ళకి చేతకాదని బురుల్‌కి చిన్నప్పట్నుంచీ మంటే. బడిలో తనే మొదటొచ్చానని పరిగెత్తుకెళ్ళి చెబితే వాళ్ళ నాన్న "ఊఁ, గొర్రెలకి నీళ్ళు పెట్టావా?" అనేవాడు. అంతకు మించి ఒక్క మంచి మాట ఆయన నోట వినలేదు. తన పిల్లలకి ఆ గతి పట్టనివ్వకూడదని నిశ్చయించుకుంది.

మొదట్లో తరగతంతా పండగే. నెల తిరక్కుండానే అసలు రంగు బయటపడింది. ఎల్దోస్ అని ఒకడున్నాడు, వాళ్ళమ్మ బజార్లో ఉల్లిపాయలమ్ముతుంది, బేరం వాడికి ఉగ్గుపాలతో వచ్చింది. చెయ్యెత్తే ముందు "దీనికి చుక్కుందా ఎజె?" అని అడిగేవాడు. ఉందంటేనే నోరు తెరిచేవాడు, లేదంటే కిటికీలోంచి గుర్రాల్ని చూసుకునేవాడు. వాడి వరస ధగధగలాడిపోతోంది. ఉలన్ అనే పిల్లాడు చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోతాడు, వాడికి చుక్క పడేది కాదు. అంతకుముందు అప్పుడప్పుడైనా ఎత్తే చెయ్యి కూడా ఎత్తడం మానేశాడు. అట్ట అడుగున కొన్ని వరసలు ఖాళీగా ఉండిపోయాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది ఆదినాయ్ వరస.

ఆదినాయ్ మాస్కోలో పుట్టింది. అమ్మానాన్నలు రెండు షిఫ్టులు పనిచేస్తుంటే పక్కింటి రష్యన్ ముసలావిడ చేతుల్లో పెరిగింది. కిర్గిజ్ ఒక్క ముక్క రాదు. బడి వయసొచ్చాక అక్కడ సీటు దొరక్క, కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచి, చివరికి వాళ్ళ నాన్న తలాయ్ ఆకురాలే రోజుల్లో తీసుకొచ్చి మా ఊళ్ళో తన తల్లి కుముష్ దగ్గర దింపి వెళ్ళాడు. ఆ నానమ్మకి రష్యన్ రాదు. ఎప్పుడో బడిలో నేర్చుకుందిగానీ, నలభై ఏళ్ళు కొండ మీద గొర్రెలతో బతికేసరికి పశువుల డాక్టరుకి చెప్పే నమస్కారం ఒక్కటే మిగిలింది. ఇక చూడండి, ఆ ఇంట్లో ముసలమ్మ మాట్లాడుతుంది, పిల్ల కళ్ళప్పగించి చూస్తుంది. రాత్రయితే ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకుంటారు. బడిలోనూ అంతే. రష్యన్ చెప్పే మేష్టారు, ఈ పిల్లకి అన్నీ వచ్చులే అని అడగడమే మానేశాడు. మిగతా గంటల్లో ఆమెకి నోరుందన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు.

ఒకరోజు బడిలో టీ తాగే వేళ బుట్టలో రొట్టె అయిపోయింది. అందరికీ అంది, ఆదినాయ్‌కి అందలేదు. ఆ పిల్ల వడ్డించే ఆవిడ అంగీ అంచు పట్టుకుని, వినీ వినపడనట్టు "నాన్" అంది. రొట్టె కావాలని. మా మాటలోనే అంది.

బురుల్‌కి వినపడింది. వినపడ్డాక ఆవిడ ఊరుకుంటుందా? పిల్లని ఎత్తి కుర్చీ మీద నిలబెట్టింది, తరగతి చేత చప్పట్లు కొట్టించింది, బంగారు చుక్కలు ఒకటి కాదు, చేతికొచ్చినన్ని అంటించింది, చాక్లెట్ చేతిలో పెట్టింది. చూశారా మన ఆదినాయ్‌ని, చూశారా అని ఒకటే గోల. పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. మెల్లగా కుర్చీ దిగి బల్ల కిందకి దూరింది. గంట కొట్టేదాకా బయటికి రాలేదు. చాక్లెట్ కుర్చీ మీదే ఉంది. ఆ రోజు నుంచీ పెదవి కదపడం కూడా మానేసింది.

రెండ్రోజులాగి కుముష్ ముసలమ్మ బడికొచ్చింది. ఊరికే రాలేదు, మూకుట్లో నిప్పులేసుకుని, దిష్టి తీసే ఎండాకు వేసి, పొగ చిమ్ముకుంటూ వచ్చింది. తరగతి నాలుగు మూలలా పొగ పట్టింది, పిల్లలందరూ దగ్గి దగ్గి చచ్చారు. తర్వాత మూకుడు కింద పెట్టి బురుల్ వైపు తిరిగింది.

"ఏమ్మా, అంతమంది ముందు నిలబెట్టి పొగుడుతావా పసిపిల్లని? అందరి కళ్ళూ దాని నాలుక మీద పడ్డాయి. ఉన్న ఒక్క మాటా పోయింది. సంతోషమేనా?"

బురుల్‌కి ఒళ్ళు మండింది. ఇది బడి, మీ గొర్రెల దొడ్డి కాదు అందామని నోటిదాకా వచ్చింది. అనలేకపోయింది, ఎందుకంటే మాట పోయిన సంగతి నిజం. ముసలమ్మ కోపం కూడా అక్కడితో అయిపోయింది. చిన్నపిల్లల కుర్చీలో ముడుచుకుని కూర్చుని అసలు విషయం చెప్పింది. కొడుకు ఫోన్ చేశాడట. వసంతంలో నూరూజ్ పండక్కి వస్తాడట. అప్పటికీ పిల్ల నానమ్మతో మాట్లాడకపోతే బిష్కెక్‌లో అత్త దగ్గర పెడతాడట, అక్కడైతే రష్యన్ బడులున్నాయి కదా అని. ఆ అత్త పొద్దున్నెళ్ళి రాత్రికొచ్చే మనిషి, పిల్లని ఇంట్లో పెట్టి తాళం వేసుకుపోవడం తప్ప ఏం చేస్తుంది అని ముసలమ్మ బాధ.

"నాకు అది మాట్లాడకపోయినా ఫర్వాలేదు తల్లీ, పక్కన పడుకుంటే చాలు. వాడికే మాటలు కావాలి. ఏదో ఒకటి చెయ్యి." అని మూకుడు తీసుకుని వెళ్ళిపోయింది.

బురుల్ ఆ సాయంత్రం ఏడ్చింది, ఎందుకు దాచాలి. ఎవరో పట్నంలో చెప్పింది నెత్తిన పెట్టుకుని పసిదాని నోరు కుట్టేశానని తనని తాను తిట్టుకుంది. మెచ్చుకుంటే తప్పా, మెచ్చుకోకపోతే తప్పా అని తల బద్దలు కొట్టుకుంది. జవాబు దొరకలేదు.

దొరికింది పక్కింటివాళ్ళ పెరట్లో. శీతాకాలం నడుమ ఒక పొద్దున బురుల్ నీళ్ళ బకెట్టు పట్టుకుని వస్తుంటే, పక్కింటి బెక్తెన్ తాత పెద్ద మనవరాలు మంచులో జారుకుంటూ, లేస్తూ, "సుయుంచు తాతా, సుయుంచు" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. కోడలు ఆస్పత్రిలో మగపిల్లాణ్ణి కన్నది, ఆ కబురు ముందుగా తెచ్చింది ఈ పిల్ల. మంచి కబురు తెచ్చి సుయుంచు, అంటే ఆ కబురుకి బహుమానం, అడిగినవాళ్ళని వట్టి చేతులతో పంపించే వీల్లేదు మాలో. ఎంత పిసినారికైనా చెయ్యి జేబులోకి వెళ్ళాల్సిందే. బెక్తెన్ తాత ఉబ్బి తబ్బిబ్బయి, మొన్న పుట్టిన గొర్రెపిల్ల నీదే పోవే అన్నాడు. ఆ పిల్ల గొర్రెపిల్లని వాటేసుకుని గంతులే గంతులు.

బకెట్టు చేతిలోనే ఉంది, బురుల్ అలా నిలబడిపోయింది. ఆ పిల్ల చేసిందేముంది, పరిగెత్తుకు రావడం తప్ప? బిడ్డని కన్నది ఇంకొకరు. అయినా ఈ సంతోషం చూడు. పైగా ఆ కన్నతల్లి మీద ఒక్క కన్నూ పడలేదు, ఆవిడ ఎక్కడో హాయిగా పడుకుని ఉంది. మంచి జరిగిందని ఊరంతా తెలిసింది, ఎవర్నీ కుర్చీ ఎక్కించలేదు. బకెట్లో నీళ్ళు సగం కాళ్ళ మీద ఒలికాక గానీ ఆవిడ కదల్లేదు.

మర్నాడు అట్ట గోడ మీంచి దిగింది. ఎల్దోస్ బావురుమన్నాడు, వాడి వరస నిండడానికి ఇంకొక్క చుక్కే తక్కువ. అన్యాయం చెయ్యకూడదని వాడి చాక్లెట్ వాడికిచ్చేసి, ఇక చుక్కల సంగతి మర్చిపొమ్మంది బురుల్. తర్వాత కొత్త పద్ధతి చెప్పింది. బాగా మాట్లాడినవాళ్ళకి ఇకమీదట ఏమీ ఉండదు. నిన్న చెప్పలేనిది ఇవాళ ఎవరైనా చెప్పగలిగితే, అది విన్నవాళ్ళు తన దగ్గరకొచ్చి సుయుంచు అడగాలి. ఎవరన్నారు, ఏమన్నారు, అందులో బాగున్నదేమిటి, మూడూ చెప్పాలి. చెబితే సంచీలోంచి ఒక అక్రోటు. సొంత గొప్ప చెప్పుకునేవాళ్ళకి ఏమీ రాదు.

ఎల్దోస్ కన్నీళ్ళు తుడుచుకునేలోపే లెక్క వేసేశాడు. సాయంత్రానికి స్నేహితుడితో ఒప్పందం కుదిరింది, నా గురించి నువ్వు చెప్పు, నీ గురించి నేను చెబుతా, అక్రోట్లు సగం సగం. బురుల్ దగ్గరకొచ్చి సుయుంచు అన్నాడు. బాగున్నదేమిట్రా అని అడిగింది. గొంతు బాగుంది ఎజె అన్నాడు. గొంతు నిన్న లేదా అని అడిగేసరికి తరగతంతా పడీపడీ నవ్వింది, వాడు చెవులెర్రబడి వెళ్ళి కూర్చున్నాడు. అక్రోటు కావాలంటే నిజంగా వినాలని అర్థమైంది. బేరగాడు కదా, వినడం మొదలెట్టాడు. అందరికంటే బాగా విన్నాడు కూడా. కొన్నాళ్ళకి వాడే వచ్చి, ఉలన్ ఇవాళ పేజీ చివరిదాకా ఆగకుండా చదివాడు ఎజె, పొడుగు మాట దగ్గర ఆగబోయి ఊపిరి పీల్చుకుని దాటేశాడు అని చెప్పాడు. ఉలన్ వెనక బల్ల మీద తలొంచుకుని చెవులు రిక్కించి విన్నాడు. మర్నాటి నుంచి వాడి చెయ్యి లేవడం మొదలైంది. బెర్మెత్ అనే అమ్మాయి ప్రతి కథలోనూ ఆ తర్వాత, ఆ తర్వాత అంటూ సాగదీసేది. అది మానేసి కథ చెప్పిందని ముగ్గురు ఒకేసారి కబురు తెచ్చి, ముందు నేనంటే నేనని కొట్టుకున్నారు.

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. ఆదినాయ్ నోట్లోంచి మాట వస్తే అంతకంటే పెద్ద కబురు ఏముంటుంది? పిల్లలకి అది తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ పిల్ల ఎక్కడికెళితే అక్కడికి నలుగురు చెవులు పెట్టుకుని తయారు. ఎల్దోస్ అయితే బల్ల మార్చుకుని పక్కనే వచ్చి కూర్చున్నాడు. ఆదినాయ్ దగ్గినా "ఏమంది, ఏమంది" అనేవాళ్ళు. పిల్ల మళ్ళీ బల్ల కిందకి చూడడం మొదలుపెట్టింది.

బురుల్ ఆ చూపు కనిపెట్టింది. అందర్నీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది, ఆదినాయ్ గురించి కబురు తెస్తే తను వినదని, ఎంత పెద్ద కబురైనా సరే. ఆదినాయ్‌కి వేరే పని ఉంది, ఆమె కూడా మీలాగే వినాలి, ఎప్పుడైనా కబురు తేవాలనిపిస్తే తెస్తుంది, లేకపోతే లేదు అంది. అదంతా పిల్లకి అర్థమయ్యేలా వచ్చీరాని రష్యన్‌లో ఇంకోసారి చెప్పింది. ఎల్దోస్ తన పాత బల్లకి వెళ్ళిపోయాడు. ఆదినాయ్ ఆ రోజు మొదటిసారి తలెత్తి, మాట్లాడేవాళ్ళందరి మొహాలూ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. ఆ తర్వాత చూస్తూనే ఉంది. ఎవరు నోరు తెరిస్తే వాళ్ళ వైపు తిరిగేది.

నూరూజ్ దగ్గరపడుతోంది. మాట మాత్రం రాలేదు. బురుల్ ఉండబట్టలేక ఒకనాడు కుముష్ ఇంటికెళ్ళింది. ముసలమ్మ టీ పోసింది, రొట్టె విరిచి ముందు పెట్టింది, ఏడుపు లంకించుకుంది. ఎన్ని విధాల చెప్పినా పిల్ల పలకదు, పొయ్యి అంటే పొయ్యి చూస్తుంది, ఆవంటే ఆవుని చూస్తుంది, అర్థం మాత్రం అవుతున్నట్టే ఉంది అంది. బురుల్‌కి జాలీ వేసింది, కోపమూ వచ్చింది. మీరు ఆ పిల్ల మాట ఒక్కటైనా నేర్చుకున్నారా అని అడిగింది. ఈ వయసులో, ఈ బోసినోటితోనా అని ముసలమ్మ నోరెళ్ళబెట్టింది.

"అవునమ్మా, ఏడేళ్ళ పిల్ల ఊరు మారింది, ఇల్లు మారింది, అమ్మని వదిలింది, ఇప్పుడు నాలుక కూడా మార్చుకోవాలి. మీరు మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలరు." అనేసి బురుల్ లేచింది.

గేటు దాటాక గానీ ఎంత మాటన్నానో అని తెలియలేదు. పెద్దావిడ పెట్టిన రొట్టె తిని ఆవిడ మొహం మీదే అలా అన్నందుకు దారంతా నాలుక కరుచుకుంటూ నడిచింది. వెనక్కి వెళ్ళి తప్పయిందని చెప్పడానికి మనసొప్పలేదు. ఎందుకంటే తప్పు కాదు.

పండగ ముందు వారం. బడి గంట ఇంకా కొట్టలేదు, బురుల్ పొయ్యిలో బొగ్గు వేస్తోంది, పిల్లలు కొందరు కోట్లు విప్పుతున్నారు. తలుపు ధడాల్న తెరుచుకుంది. ఆదినాయ్. నెత్తిన టోపీ లేదు, ఒక బూటు తాడు ఊడి వేలాడుతోంది, ఊపిరందడం లేదు.

"సుయుంచు, ఎజె!"

ఎల్దోస్ ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. బురుల్‌కి పరిగెత్తుకెళ్ళి ఎత్తుకోవాలని ఉంది, ఏడవాలని ఉంది, ఊరంతటినీ పిలిచి చప్పట్లు కొట్టించాలని ఉంది. బొగ్గు పార గట్టిగా పట్టుకుని నిలబడింది. అందర్నీ అడిగినట్టే అడిగింది.

"ఎవరన్నారు?"

"మా నానమ్మ."

"ఏమంది?"

"ఇవాళ పొద్దున. చల్లారిపోతుంది, రా, తిను, అంది. రష్యన్‌లో." మాటలు ఒక్కొక్కటే వచ్చాయి, మధ్యలో ఆగాయి, ఒకటి తిరగబడింది కూడా. కానీ అన్నీ మా మాటలే.

"అందులో బాగున్నదేమిటి?"

ఆదినాయ్ ఆలోచించింది. "నిన్న రాదు. ఇవాళ వచ్చింది. తప్పులున్నాయి. కానీ నాకు అర్థమైంది."

బురుల్ సంచీలో చెయ్యి పెట్టింది. అక్రోటు కోసం అడుగుదాకా తడిమింది. ఇంతలో ఎల్దోస్ ఊరుకోలేక, రష్యన్ మాట లెక్కలోకి రాదు కదా ఎజె అన్నాడు. కబురు ఏ భాషలో వచ్చిందిరా అని అడిగింది బురుల్. వాడు కాసేపు గింజుకుని, మన భాషలోనే అని ఒప్పుకున్నాడు. అయితే లెక్కలోకి వస్తుంది అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆదినాయ్ అక్రోటు జేబులో వేసుకుని వెళ్ళి తన చోట కూర్చుంది. బల్ల కింద కాదు, బల్ల ముందు.

తర్వాత తెలిసింది, బురుల్ అలా అనేసి వెళ్ళిన రోజు నుంచీ ముసలమ్మ పంతం పట్టి నేర్చుకుందని. చెంచా చూపించి ఇదేంటే అని అడగడం, పిల్ల గుసగుసగా చెప్పడం, ఈవిడ తప్పు పలకడం, పిల్ల పకపకా నవ్వడం. నవ్వి నవ్వి సరిదిద్దడానికి మా మాటల్లోకి దిగిందట. టీచరు పొరపాటు పడుతుంటే ఏ పిల్లయినా ఎంతసేపు నోరు మూసుకుంటుంది?

నూరూజ్ నాడు కుముష్ పనిగట్టుకుని బురుల్‌ని భోజనానికి పిలిచింది. పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు. మధ్యాహ్నానికి తలాయ్ టాక్సీ దిగాడు. భుజాన పెద్ద సంచీ, చేతిలో కూతురికి కొత్త బూట్లు, కూతురి బట్టలు సర్దుకుపోవడానికి మడిచిన ఖాళీ బ్యాగు ఇంకొకటి. ముసలమ్మ గేటు దగ్గరే అడ్డంగా నిలబడింది.

"సుయుంచు ఇవ్వరా తలాయ్."

"లోపలికి రానీ అమ్మా, ఇస్తాలే."

"ముందు ఇస్తానను."

"సరే, ఏదడిగితే అది. ఏంటి సంగతి?"

"నీ కూతురు మాట్లాడుతోంది. మన మాట."

ముసలమ్మ లంగా వెనక నుంచి ఆదినాయ్ తల బయటపెట్టింది. కాదు నాన్నా, నా కబురే ముందు అంది కిర్గిజ్‌లోనే, నానమ్మ రష్యన్ మాట్లాడుతోంది, నాకు సుయుంచు ఇవ్వు అంది. తలాయ్ కూతురి నోట ఆ మాటలు వింటూ గేటు గడియ పట్టుకున్నాడు. బూట్లు మంచులో పడ్డాయి. మొహం పక్కకి తిప్పుకుని కోటు చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. చుట్టుపక్కల గేట్లన్నిట్లోనూ జనం, పండగ కదా, అందరూ బయటే ఉన్నారు.

"అడుగమ్మా," అన్నాడు, "ఏం కావాలి?"

ముసలమ్మ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది. "ఇది కావాలి. నువ్వు మాస్కో వదిలి ఇంటికి తిరిగొచ్చేదాకా."

తలాయ్ మాటిచ్చేశాడు. ఏదడిగితే అదని అందరూ వింటుండగా అన్నాడు, వెనక్కి తీసుకోలేడు. అయినా తండ్రి కదా, కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని రష్యన్‌లో మెల్లగా అడిగాడు, నీకేం కావాలి తల్లీ, నిజం చెప్పు అని. బురుల్ చెయ్యి అలవాటుగా కోటు జేబులోకి వెళ్ళి అక్రోటు పట్టుకుంది. ఇది తను ఇవ్వాల్సింది కాదని గుర్తొచ్చి వదిలేసింది.

ఆదినాయ్ నాన్నని చూసింది, నానమ్మని చూసింది. ఆ పిల్ల మొహంలో ఇసుమంత బెదురు లేదు.

"నేను వెళ్ళిపోతే నానమ్మకి ఎవరు నేర్పుతారు?" అంది మా మాటలో. "ఆవిడకి ఇంకా చెంచాలూ గిన్నెలే వచ్చు."

తలాయ్ మడిచిన ఖాళీ బ్యాగు తీసుకెళ్ళి వాళ్ళమ్మ పిండి సంచుల వెనక పెట్టాడు.